తుపాకి అందించే పద్ధతి

లేకపోతే ఆ గడియ ఎందుకు లాగుతాడు? లాగమని ఎవరూ చెప్పలేదు. కాగితంలో లేదు. కెమెరా కూడా అటు తిరిగి లేదు. టీ తాగడానికి పోతూ పక్కవాడికి తుపాకి అందించాడు, అంతే. అందించే ముందు గొట్టం నేలకేసి దించాడు. గడియ వెనక్కి లాగాడు. లోపల ఏమీ లేదని అవతలి మనిషికి చూపించాడు. అప్పుడు ఇచ్చాడు. అవతలి మనిషికి ఆ చూపించడమేమిటో కూడా తెలియదు. బఠాణీలు నములుతూ ఒంటిచేత్తో అందుకున్నాడు.

బస్సు కర్లపాలెంలో ఆగి బయల్దేరింది. సీతారామాంజనేయులు ఒళ్ళో క్యారేజీ సంచి సర్దుకుని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. గొట్టం కిందికి, గడియ వెనక్కి, చూపు ముందు లోపలికి, ఆ తర్వాత అవతలి మనిషి కళ్ళలోకి. నిన్న సాయంత్రం నుంచి ఎన్నిసార్లు తలుచుకున్నా అందులో తప్పు దొరకలేదు. తప్పు దొరకకపోవడమే భయంగా ఉంది.

అది నిజం తుపాకి అయితే సరే అనుకోవచ్చు. రెండు వందల ఏళ్ళ తర్వాత జరిగినట్టు తీస్తున్న సిరీస్‌లో, ఏదో గ్రహం చుట్టూ తిరిగే చందమామ మీద, తొమ్మిదో ఠాణా అనే చోట కాపలా కాసే సిపాయిల తుపాకి అది. తెనాలిలో పాత ఇనుముతో విగ్రహాలు చేసేవాళ్ళు చేసిచ్చారు. మోటారు సైకిలు సైలెన్సరు, దాని కింద కుట్టుమిషను ముక్కేదో, పైన వెండిరంగు. గడియ అచ్చంగా తలుపు గడియే. తూటా పెట్టడానికి చోటే లేని తుపాకిని ఖాళీ అని చూపించి ఇచ్చేవాడు ఎవడు?

మిలటరీలో చేసినవాడు. చేతులకు అది అలవాటైపోయినవాడు. ఇంకెవరికీ ఆ అవసరం రాదు.

మరి యోబు ఆ సంగతి ఎందుకు చెప్పలేదు? పది రోజులుగా వరసలో ఏడో సిపాయిగా నిలబడుతున్నాడు. సావధాన్ అంటే మిగతా ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు మడమలు కలుపుతారు. మాట పూర్తయ్యేసరికి యోబు మడమలు కలిసే ఉంటాయి. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు నిలబడే మనిషి ఊరికే నిలబడడు. చూస్తుంటాడు. చూసి చూసి ఏదో ఒకరోజు అందరి ముందూ, ఎంతో మర్యాదగా, ఒక్క మాట అడుగుతాడు. మీరు ఏ ఠాణాలో చేశారండీ?

ఆంజనేయులు ఇరవై రెండేళ్ళు మిలటరీలో ఉన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఇరవై రెండేళ్ళూ ఆయుధాల గదిలో ఒక బల్ల వెనక నిలబడి తుపాకులు ఇచ్చాడు, తుపాకులు తీసుకున్నాడు. బాపట్లలో ఆ ముక్క ఎవరూ అడగలేదు, తను చెప్పలేదు. 'మిలటరీ ఆంజనేయులు గారు' అన్నప్పుడు ఆ బల్ల ఎవరికీ కనపడదు. మూడు నెలల కిందట తెనాలిలో, సిపాయిల వేషాలవాళ్ళకు మిలటరీ పద్ధతులు నేర్పమని పిలిచిన డైరెక్టరమ్మాయి వాగ్దేవి, "మీరు మంచులో కాపలా ఉన్నారా బాబాయ్ గారూ?" అని అడిగింది. ఉన్నానమ్మా అన్నాడు. అక్కడితో ఆగాల్సింది. మారు కాపలా రాక, చనిపోయిన తోటి సిపాయి పక్కన రెండు రాత్రులు ఒక్కడే నిలబడ్డ సంగతి చెప్పాడు. అది జరిగింది. ఆంజనేయులికి జరగలేదు. జరిగిన మనిషి కొండమీద నుంచి దిగివచ్చి, బల్లకు అవతలి పక్క నిలబడి, నాలుగు మాటల్లో చెప్పి వెళ్ళిపోయాడు.

ఇప్పుడది తొమ్మిదో ఎపిసోడ్. చివర తన పేరు వేస్తారట. 'ఇది సీతారామాంజనేయులు గారి స్వానుభవం' అని. సంతకం చెయ్యమని కాగితం ఇచ్చారు. అది నాలుగు మడతలతో క్యారేజీ సంచి అడుగున ఉంది. సంతకాలు ఎందుకు అడుగుతారు? రేపు ఏదన్నా తేడా వస్తే చూపించడానికే గదా.

*

రేపల్లె స్టేషను వెనక, పట్టాలు అయిపోయే చోటికి కాస్త ఇవతల, మూతపడ్డ రైసుమిల్లు. అందులోనే తొమ్మిదో ఠాణా. లోపల నేలంతా నల్లటి ఊక బూడిద పరిచారు. అడుగు వేస్తే పొగలాగా లేచి, మెల్లగా దిగుతుంది. కెమెరాలో చూస్తే అచ్చం చందమామే. బయటికి వస్తే మాత్రం అందరి ముక్కులూ నల్లగా ఉంటాయి.

"రండి బాబాయ్ గారూ," అంది వాగ్దేవి నిచ్చెన మీదనుంచే. ముప్ఫై దాటని మనిషి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది. "మన సైన్యం టిఫిన్ దగ్గరే ఓడిపోయింది. ఇడ్లీ అయిపోయి ఉప్మా పెట్టారని ఒక్కడూ ముట్టుకోవట్లేదు."

"మిలటరీలో ముట్టుకోకపోతే మళ్ళీ సాయంత్రం అదే పెడతారమ్మా."

"ఆ మాట రాసుకుంటా ఉండండి," అని నిచ్చెన మీదే ఫోను తీసి రాసుకుంది.

ఆ అమ్మాయి అన్నీ రాసుకుంటుంది. మొదటి రోజే చెప్పింది, "టీవీలో సిపాయంటే గాల్లోకి లేచి మూడు పల్టీలు కొట్టాలి బాబాయ్ గారూ, లేకపోతే ఎవరూ నమ్మరంటారు. నాకు ఎగరని సిపాయి కావాలి. సాక్సులు ఆరేసుకునేవాడు, విసుక్కునేవాడు కావాలి." ఆంజనేయులు అవన్నీ ఇచ్చాడు. నెత్తిన టోపీ లేకుండా సెల్యూట్ కొట్టరని చెప్పాడు. పనిబట్టల మీద కుట్టిన పతకాలు విప్పించాడు. పరిగెత్తేటప్పుడు తుపాకి ఊగకూడదని ప్రతివాడి మోచేయి పట్టుకుని సరిచేశాడు. ఆయుధాలిచ్చే గది సీను మాత్రం తీసేయించాడు. "బల్ల వెనక మనిషి తుపాకులివ్వడం ఎవరు చూస్తారమ్మా, దండగ," అన్నాడు. ఆ అమ్మాయి ఏదో అడగబోయి ఊరుకుంది. ఎందుకు ఊరుకుందోనని అప్పుడప్పుడూ అనుమానం వస్తూంటుంది.

యోబు ధాన్యం పైకి తోడే గొట్టం కింద ఒంటరిగా నిలబడి హెల్మెటు తుడుచుకుంటున్నాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. సన్నంగా, నిటారుగా ఉంటాడు. ఆంజనేయులు చేతులు వెనక్కి కట్టుకుని, వేరే పనిమీద పోతున్నట్టు అటు నడిచాడు.

"ఏం యోబూ, ఇంతకుముందు ఎక్కడన్నా చేశావా?"

"ఎక్కడ చేస్తానండి, ఇక్కడే గదండి. ఈ గొట్టం కాడే పద్దెనిమిదేళ్ళు. మిల్లు మూసేదాకా."

"అంతకుముందు?"

"అంతకుముందు మా నాన్న చేశాడండి ఇక్కడ," అని నవ్వాడు.

"మరి తుపాకి పట్టడం ఎక్కడ నేర్చుకున్నావు?"

యోబు హెల్మెటు తుడవడం ఆపి తలెత్తాడు. "మీ దగ్గరే గదండి."

ఆ మాటలో వెటకారం ఉందా? ఆంజనేయులు ఆ మొహంలో వెతికాడు. లేదు. మొహం శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఉంచుకోవాలంటే లోపల ఏదో దాచుకోవాలి. తను ఎవరికీ గడియ లాగి చూపించమని చెప్పలేదు. ఆ సంగతి తనకు తెలుసు, యోబుకూ తెలుసు. తెలిసీ 'మీ దగ్గరే' అంటున్నాడంటే, నీ సంగతి నాకు తెలుసులే అని చెప్పడమే. పద్దెనిమిదేళ్ళకు ముందు ఏం చేశాడో అడిగితే నాన్న మీదకు తోశాడు.

మధ్యాహ్నం దాకా ఒక్క షాటూ సరిగ్గా చూడలేకపోయాడు. భోజనాల దగ్గర ప్రొడక్షన్ మేనేజరు రవిశంకర్ పక్కన కూర్చున్నాడు. రవిశంకర్ ఎప్పుడూ రెండు ఫోన్లలో మాట్లాడుతూ, మూడో మనిషికి సైగలు చేస్తూ ఉంటాడు.

"ఆ ఏడో మనిషిని ఎవరు తెచ్చారు?"

"యోబునా అండి? మిల్లు తాళాలు తీయడానికి వచ్చాడు, మనిషి బావున్నాడని అమ్మాయే నిలబెట్టింది. ఏం?"

"ఏం లేదు. కొంచెం కనిపెట్టి ఉండండి. నాకెందుకో అతని మీద నమ్మకం కుదరట్లేదు."

రవిశంకర్ ఒక ఫోను చెవి మీదనుంచి దించాడు. "ఏంటండి, ఏమన్నా చూశారా?"

లేదు అనొచ్చు. ఆంజనేయులు పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాడు.

"అదీ సంగతి," అన్నాడు రవిశంకర్ తనలో తను అనుకుంటున్నట్టు. "నిన్నటినుంచి లైట్ల పెట్టెలో రెండు బ్యాటరీలు కనపడట్లేదండి. నేనూ అనుకుంటానే ఉన్నా. ఈ మిల్లులో ఏ తలుపు ఎటు తెరుచుకుంటదో తెలిసినవాడు వాడొక్కడే."

"బ్యాటరీల సంగతి నాకు తెలియదు."

"మీరు పెద్దమనుషులు, మీరెందుకు చెప్తారులెండి. నాకర్థమైంది."

అతనికి అర్థమైంది తప్పని చెప్పడానికి వ్యవధి ఉంది. రవిశంకర్ చెయ్యి కడుక్కుని, పంచెకు తుడుచుకుని, ఫోను తీసేదాకా ఉంది. ఆంజనేయులు క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కడ్డీ బిగించి, బిగుసుకుందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

*

బుధవారం వరసలో ఆరుగురే ఉన్నారు. ఏడో తుపాకి పెట్టెలో ఉంది.

"ఏడోవాడు ఏడిరా?" అని ఎవరో అడిగితే, "రెండు బ్యాటరీలేసుకుని ఏ గ్రహానికి పోయాడో," అన్నాడు బఠాణీలు నమిలేవాడు. అందరూ నవ్వారు. నవ్వుకు కొంచెం బూడిద లేచింది.

ఆంజనేయులికి తేలికగా ఉండాలి. పొద్దున బస్సులో ఆ తేలిక కోసమే ఎదురుచూశాడు. ఇప్పుడు సావధాన్ అని అరిస్తే ఆరు జతల మడమలు టపటపా కలిశాయి. మాటతోపాటు కలిసే ఆ ఏడో జత చప్పుడు లేక, తన గొంతు ఎక్కడో పడిపోయినట్టు అనిపించింది. మళ్ళీ అరిచాడు. మూడోసారి కూడా అరిచాడు.

పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర గొడవ వినిపించింది. తెరిచిన తలుపులోంచి చూస్తే యోబు. గళ్ళ చొక్కా, లుంగీ. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. యోబు అరవడం లేదు. "రవిశంకర్ గారిని ఒక్క మాట అడగాలండి" అంటున్నాడు. "ఏం తీశానో చెబితే చాలండి" అంటున్నాడు. తర్వాత అతని చూపు లోపలికి వచ్చి ఆంజనేయులు మీద ఆగింది.

ఎండలో నిలబడ్డ యోబు, లుంగీ కిందికి విడిచి, చేతులు పక్కలకు దించి, మడమలు కలిపాడు. చెప్పులతోనే. సారు చూశారు, సారు చెబుతారు అన్నట్టు నిలబడ్డాడు.

ఆంజనేయులు చేతిలోని సీను కాగితం వైపు చూశాడు. 'కాపలా సిపాయి గ్రహం వైపు చూస్తాడు. ఎవరూ రారు.' ఆ వాక్యం నాలుగుసార్లు చదివాడు. తలెత్తేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే బీడీ ముట్టించుకుంటున్నాడు.

నాటకమా అది? తనను వెక్కిరించడానికే అలా నిలబడ్డాడా? నిలబడ్డాడనే అనుకున్నాడు. బస్సులో చెరుకుపల్లి దాకా అలాగే అనుకోగలిగాడు.

ఇంట్లో భార్య శకుంతల వంకాయ కూర వడ్డించి, ఆయన కంచం వైపు చూస్తూ కూర్చుంది.

"ఏంటి, కెలుకుతున్నారు? ఉప్పెక్కువైందా?"

"లేదు."

"ఎల్లుండి మిమ్మల్ని వీడియో తీస్తారంటగా. ఆ మంచు కథ చెప్పమని. ఎదురింటి హిమబిందు చెప్పింది, మీరు చెప్పకపోయినా."

"ఎవరు చెప్పారు దానికి?"

"ఊరంతా మీరే చెప్పారుగా, బజార్లో. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను." గరిట గిన్నెలో పెట్టింది. "అది మీ కథ కాదుగా?"

ముద్ద నోటి దగ్గర ఆగింది. "నీకేం తెలుసు?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తదీ? ఆ ఏడాది మీరు రాసిన ఉత్తరాల నిండా దుప్పట్ల గొడవేగా. ఎలకలు కొరికాయి, ఎలకలు కొరికాయి అని. రెండు రాత్రులు మంచులో నిలబడ్డ మనిషి ఎలకల గురించి రాస్తాడా?" అని చారు గిన్నె జరిపింది. "నాకైతే ఆ ఎలకల ఉత్తరాలే నచ్చేవి."

*

గురువారం షూటింగు లేదు. వాగ్దేవి ఫోను చేసి తెనాలి రమ్మంది. "ఒకటి చూపించాలి బాబాయ్ గారూ, ఫోనులో చెప్తే కాదు."

ఫోనులో చెబితే ఎందుకు కాదు? బాపట్లలో పాసింజరు ఎక్కింది మొదలు అదే. యోబు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఉంటాడు. తను ఏ యూనిట్లో చేశాడో, ఈయన ఏ ఠాణాలోనూ ఎలా చేసి ఉండడో, అన్నీ చెప్పి ఉంటాడు. ఆ అమ్మాయి అరవదు. మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి, అప్పుడు అడుగుతుంది. నిడుబ్రోలు దాటేసరికి జవాబులు మూడు తయారుచేసుకున్నాడు. తెనాలి ప్లాట్‌ఫారం మీద దిగేసరికి మూడూ పనికిరావని తెలిసిపోయింది.

గంగానమ్మపేటలో వాళ్ళ మేడమీద గది. ఒక మూల రంగు వెయ్యని హెల్మెట్లు గుట్టగా ఉన్నాయి. వాగ్దేవి మంచినీళ్ళిచ్చింది. కుర్చీ వేసింది. ఆంజనేయులు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మొదటి రోజు రిహార్సల్, నిచ్చెన మీదనుంచి నా ఫోనుతో తీసింది. ఇప్పుడే చూశా. చూడండి," అని లాప్‌టాప్ ఇటు తిప్పింది.

పైనుంచి తీసిన బొమ్మ. బూడిద ఇంకా పరచలేదు. బల్ల మీద ఏడు తుపాకులు. బల్ల వెనక బట్టతల మనిషి ఒకడు. ఆ బట్టతల తనదేనని గుర్తుపట్టడానికి కాస్త పట్టింది. ఎదురుగా ఏడుగురు వరసలో ఉన్నారు. మొదటివాడు ముందుకు వచ్చాడు. బల్ల వెనక మనిషి తుపాకి ఎత్తి, గొట్టం నేలకేసి దించి, గడియ వెనక్కి లాగి, లోపలికి చూసి, వాడికి చూపించి, ఇచ్చాడు.

ఆంజనేయులు గ్లాసు కింద పెట్టాడు.

రెండోవాడికీ అంతే, మూడోవాడికీ అంతే. బొమ్మలోని మనిషి నోరు వేరే ఏదో చెబుతోంది, భుజాలు సరిగ్గా పెట్టు, కడుపు లోపలికి అని. చేతులు మాత్రం నోటితో పని లేకుండా వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అలా చేసిన జ్ఞాపకమే లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. నాలుగు, అయిదు, ఆరు. వరసలో చివర యోబు ఉన్నాడు. మిగతావాళ్ళు ఆయన మొహం చూస్తున్నారు, లేదా పక్కకు చూస్తున్నారు. యోబు ఆ చేతుల్నే చూస్తున్నాడు. చూస్తూ, ఖాళీ చేతుల్తో, నడుం దగ్గర, ఎవరికీ కనపడకుండా గడియ లాగుతున్నట్టు వేళ్ళు కదిపాడు.

"చూసింది చూసినట్టు చెయ్యండి, ఒక్క ముక్క వదలొద్దు," అంది లాప్‌టాప్‌లోంచి ఆంజనేయులు గొంతు.

వాగ్దేవి బొమ్మ ఆపింది. "మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను బాబాయ్ గారూ. ఇది మాత్రం మీరెప్పుడూ చెప్పలేదు. ఊరికే చేస్తున్నారు. ఏంటిది?"

"తుపాకి చేయి మారేటప్పుడు..." అని ఆగిన బొమ్మ వైపు చూశాడు. "లోపల ఏమీ లేదని ఇచ్చేవాడు చూపించాలి. తీసుకునేవాడు చూడాలి. నీ మాట నమ్మాను అనకూడదు. చూడాలి."

"ఎంత బావుందో. నిజం చెప్పమంటారా, ఇంత చేసినా, నాకు అచ్చం మిలటరీ అనిపించింది ఇదొక్కటే. అందరి చేతా చేయిద్దామంటే ఒక్కడే పట్టుకున్నాడు. అతన్నేమో రవి మానిపించాడు, బ్యాటరీలంటాడు. మీకూ అనుమానమేనంటగా?"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు.

"దొరికాయా బ్యాటరీలు?"

"లేదండి. యోబే తీశాడని మిల్లు చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయిందంట. రేపల్లె ఎంత ఊరని? అతనికి గోడౌన్ల దగ్గర ఇస్తానన్న పని కూడా పోయిందంట. మీరు చూశారని రవి అంటే నేనింక ఏమీ అనలేకపోయాను." ఆ అమ్మాయి ఆయన వైపు చూసింది. "మీరు చూశారా?"

ఇప్పుడు చెప్పాలి. చెప్పాలంటే ముందు గడియ సంగతి చెప్పాలి. ఆ గడియ చూసి ఎందుకు భయపడ్డాడో, యోబును ఎవరనుకుని భయపడ్డాడో చెప్పాలి. దారం ఎక్కడ పట్టుకుని లాగినా ఆ బల్ల దగ్గరికే వస్తోంది.

"రేపు మాట్లాడదామమ్మా, బండి టైమయింది," అని లేచాడు.

"కాగితం మీద సంతకం పెట్టి తెస్తారుగా రేపు?" అంది మెట్లమీదకు వచ్చి.

తిరుగు బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని చూశాడు. పరాయి మనిషి చేతిని చూసినట్టే చూశాడు. మంచులో నిలబడి దిగివచ్చిన ఆ గఢ్వాల్ సిపాయి పేరు ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. తుపాకుల నంబర్లు మాత్రం ఉన్నాయి. నలభై ఏడు, నలభై ఎనిమిది. వేళ్ళకు కట్లు కట్టి ఉన్నాయి ఆ మనిషికి. తనది ఒకటి, చనిపోయినవాడిది ఒకటి బల్ల మీద పెట్టాడు. ఆ కట్ల వేళ్ళతోనే ముందు నలభై ఏడు గడియ లాగి చూపించాడు. తర్వాత నలభై ఎనిమిది. ఆంజనేయులు రెంటిలోకీ వంగి చూశాడు. ఇంతే తను చూసింది. ఇన్నేళ్ళుగా మంచు గురించి చెబుతున్నాడుగానీ, ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు.

*

శుక్రవారం మొదటి బస్సుకే రేపల్లె చేరాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. పట్టాల పక్క నుంచి వెళ్ళి అడిగితే యోబు ఇల్లు చూపించారు. చూపించిన ఆమె "మీదేమన్నా పోయిందాండి?" అని కూడా అడిగింది.

యోబు అరుగు మీద కూర్చుని దబ్బనంతో పాత గోతాలు కుడుతున్నాడు. ఆయన్ని చూసి లేవబోయాడు. దబ్బనం గోతాంలోనే ఉండిపోయింది. అతని భార్య గుమ్మంలోకి వచ్చి, నడుంమీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"వెతుక్కోడానికి వచ్చారా అండి? రండి, ఇల్లు రెండు గదులే, ఎంతోసేపు పట్టదు."

"నువ్వుండవే," అన్నాడు యోబు.

"నేనెందుకుంటా? నిన్న సాయంత్రం చర్చి ప్రార్థనలో నా పక్కన కూర్చున్నామె సంచి ఇటుపక్క నుంచి అటుపక్కకి పెట్టుకుంది."

ఆంజనేయులు నిలబడే ఉన్నాడు. కూర్చోమని వాళ్ళు అనలేదు. "నువ్వు మిలటరీలో చేశావా యోబూ?" అన్నాడు. అడగాలని అడగలేదు. చివరిసారి తేల్చుకోకుండా ఉండలేకపోయాడు.

యోబు అయోమయంగా చూశాడు. "నేనా అండి? నేను గుంటూరు దాటి పోలేదు. ఎందుకడుగుతున్నారు? ఏం తప్పు చేశానండి నేను? అన్నీ మీరు చూపించినట్టే చేశానే."

"అవును. చూపించినట్టే చేశావు." అక్కడ ఆగిపోవాలనిపించింది. "నువ్వు తీశావని నేను చెప్పలేదు. కానీ రవిశంకర్ అడిగితే లేదని కూడా చెప్పలేదు. నువ్వు సిపాయివనుకుని భయపడ్డాను. మిల్లుకు రా. అక్కడ చెప్తాను, అందరి ముందూ."

"వెళ్ళకు," అంది భార్య. "అందరి ముందూ ఇంకోసారి దొంగని చేస్తారు."

యోబు గోతాంలోంచి దబ్బనం లాగి, దానికి మిగిలిన పురికొస చుట్టి, చూరులో గుచ్చాడు. లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు. దారిలో యోబు రెండడుగులు వెనక నడిచాడు. ఆంజనేయులు ఆగితే అతనూ ఆగాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నాతో వచ్చాడు," అన్నాడు ఆంజనేయులు.

లోపల కుర్చీ వేసి, వెనక నల్లగుడ్డ కట్టి, ఎదురుగా కెమెరా పెట్టారు. ఆరుగురు సిపాయిలూ వినడానికి అర్ధచంద్రంగా కూర్చుని ఉన్నారు. యోబును చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. రవిశంకర్ చెవి దగ్గర్నుంచి ఫోను దించకుండానే వచ్చాడు.

"ఏంటండి, దొరికాడా? ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోవలసింది నేను," అన్నాడు ఆంజనేయులు. గొంతు తను అనుకున్నదాని కంటే చిన్నగా వచ్చింది. "ఇతను ఏదీ తియ్యడం నేను చూడలేదు. బ్యాటరీల మాట మీరన్నారు. నేను ఊరుకున్నాను. నేను చూసింది వేరే. ఇతను తుపాకి ఇచ్చే పద్ధతి చూసి, నిజం సిపాయి అనుకున్నాను. నా గుట్టు బయటపెడతాడని పంపించేయాలనుకున్నాను."

"గుట్టేంటండి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వాగ్దేవి నిచ్చెన దిగి వచ్చి నిలబడింది. ఆంజనేయులు సంచిలోంచి మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. సంతకం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఆ మంచులో నిలబడింది నేను కాదమ్మా. పేరు కూడా గుర్తులేదు నాకు. నేను కింద ఆయుధాల గదిలో ఉన్నాను. వచ్చి రెండు తుపాకులు నా బల్ల మీద పెట్టాడు."

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. మొహంలో కోపముందో ఇంకేముందో ఆంజనేయులికి తెలియలేదు. ఎప్పటిలా అయితే తెలుసుకునేదాకా వెతికేవాడు.

"మూడు నెలలుగా నాకు..." అని మొదలుపెట్టి ఆగింది. కాగితం మళ్ళీ మడిచి, "రెండు తుపాకులా?" అంది.

"రెండు. చనిపోయినవాడిది కూడా."

రవిశంకర్ ఫోనులో ఎవరికో తర్వాత చేస్తానని చెప్పి, యోబు వైపు కాక నేలవైపు చూస్తూ, "మరి నాకు ముందే చెప్పుంటే బాగుండేది గదండి," అన్నాడు. యోబు తలుపు దగ్గరే, బూడిద మొదలయ్యే గీతకు అవతలే నిలబడి ఉన్నాడు.

ఆంజనేయులు కుర్చీని దాటి, కెమెరాను దాటి, సామాన్ల బల్ల దగ్గరికి వెళ్ళాడు. బల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. నడుం ఎత్తుకు సరిగ్గా వచ్చింది. వంగి పెట్టెలోంచి ఏడో తుపాకి తీశాడు. మీద పట్టిన బూడిద మోచేత్తో తుడిచాడు.

"ఏడు," అని పిలిచాడు.

యోబు కదలడానికి కాస్త సమయం తీసుకున్నాడు. తర్వాత బూడిదలోకి అడుగుపెట్టి, ఆరుగురి ముందు నుంచీ నడిచి వచ్చి, బల్లకు అవతల నిలబడ్డాడు. మడమలు కలపలేదు. చేయి చాపలేదు.

ఆంజనేయులు గొట్టం నేలకేసి దించాడు. గడియ పట్టుకున్నాడు. ఈసారి చేతుల్ని వాటిమానాన వదలకుండా, చూస్తూ, మెల్లగా వెనక్కి లాగాడు. లాగి, తుపాకిని యోబు వైపు వంచి, అతను వంగి లోపలికి చూసేదాకా అలాగే పట్టుకున్నాడు.